స్టాండింగ్ ఫ్రేమ్‌తో 14 నెలలు: బిగుసుకునే కాళ్లకు అది చేసిందేమిటి, చేయలేనిదేమిటి

కోఠీలో సర్జికల్ సామాను అమ్మే దుకాణాల్లో ఒకదానిలో 2023 నవంబరులో 38,000 రూపాయలు పెట్టి ఒక హైడ్రాలిక్ స్టాండింగ్ ఫ్రేమ్ కొన్నాను. కూర్చున్న మనిషి పిరుదుల కింద వెడల్పాటి పట్టీ వేసి, కారు జాకీ కొట్టినట్టు చేతిపిడి కొడుతూ పోతే, మనిషిని మెల్లగా పైకి లేపి నిలబెట్టే ఇనుప చట్రం అది. "సార్, నెల రోజులు రోజూ నిలబడుర్రి, ఈ ఝట్కాలన్నీ బంద్ అయితయి" అని దుకాణదారు గట్టిగా చెప్పాడు. ఝట్కాలంటే నా ప్రమేయం లేకుండా కాళ్లు ఒక్కసారిగా కొట్టుకోవడం. 14 నెలలు గడిచాయి, అవి బంద్ కాలేదు. అయినా నేను ఆ ఫ్రేమును తిప్పి పంపలేదు, అమ్మకానికి పెట్టలేదు, జ్వరమొచ్చిన రోజులు, మధ్యలో తప్పక ఆపిన కొన్ని వారాలు తప్పిస్తే ప్రతి సాయంత్రం వాడుతూనే ఉన్నాను. వెన్నుపాము దెబ్బ తర్వాత కాళ్లు బిగుసుకుపోయే బాధ ఉన్నవారు, ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవారు ఇలాంటి వస్తువు మీద డబ్బు పెట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు నాకు ఆలస్యంగా తెలిశాయి కనుక వాటిని వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి. నల్లకుంటలో ఉంటాను, ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. 2019 వేసవిలో డాబా మీద నీళ్ల ట్యాంకు కడగబోయి పిట్టగోడ మీదుగా కింద పడ్డాను. వీపు మధ్యభాగంలో, డాక్టర్లు కాగితం మీద డి8 అని రాసే చోట, వెన్నుపాము దెబ్బతిన్నది. మొదటి కొన్ని వారాలు కాళ్లు తడిగుడ్డల్లా వాలిపోయి ఉండేవి. ఆ తర్వాత ఒక ఉదయం దుప్పటి తీస్తుంటే కుడికాలు మోకాలి దగ్గర ముడుచుకుని ఒక్కసారిగా చాచుకుంది. కాలు కదిలిందని మా అమ్మ బల్కంపేట ఎల్లమ్మకు మొక్కు కూడా తీర్చుకుని వచ్చింది. అది నా కాలు నా మాట వినడం కాదని, ఇక మీదట ఎవరి మాటా వినదనడానికి గుర్తని డాక్టరు మాకు వివరించేసరికి, పాపం, మొక్కు తీరిపోయింది.

విషయం ఇది. కండరం సాగగానే తిరిగి బిగుసుకోవాలనే ఆజ్ఞ వెన్నుపాములోనే పుడుతుంది. దాన్ని మితంగా ఉంచే అదుపు మెదడు నుంచి వస్తుంది. దెబ్బ తగిలిన చోట ఆ దారి తెగిపోతే, కింది భాగం చచ్చిపోదు, బతికే ఉంటుంది, కాని అదుపు లేకుండా బతుకుతుంది. ఉపాధ్యాయుడు బయటికి వెళ్లిన తరగతిలో ఒక పిల్లవాడు బెంచీ మీద కొడితే గది మొత్తం ఎలా మోగుతుందో నాకు బాగా తెలుసు, నా కాళ్ల పరిస్థితి అంతే. దుప్పటి అంచు తగిలినా, ప్యాంటు ముడత పడినా, చలిగాలి సోకినా కాలు కొట్టుకుంటుంది. మా ఇంట్లో దీన్ని ఝట్కా అంటాము, మా అమ్మ కొంకర్లు అంటుంది, ఫిజియోథెరపిస్టు స్పాజమ్ అంటారు, ఎప్పుడూ ఉండే బిగుతును మాత్రం ఆమె స్పాస్టిసిటీ అని వేరు చేసి చెబుతారు. ఈ తేడా కొనుగోలుదారుకు ముఖ్యం, ఎందుకంటే ఫ్రేము బిగుతు మీద పనిచేసినంతగా ఝట్కాల మీద పనిచేయదు. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. దెబ్బ వెన్నుపాము చివర దాటి, అంటే నడుము దగ్గర నరాల కుచ్చుకు మాత్రమే తగిలినవారికి కాళ్లు సాధారణంగా మెత్తగా వాలిపోయే ఉంటాయి. వారికి ఈ సమీక్షలోని సగం మాటలు వర్తించవు.

ఫ్రేము కొనాలన్న ఆలోచన నాకు మందుల వల్ల వచ్చింది. అప్పటికి నాలుగేళ్లుగా బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ అనే మాత్రలు వేసుకుంటున్నాను. 5 మిల్లీగ్రాములు మూడు పూటలతో మొదలై 20 మిల్లీగ్రాములు మూడు పూటలకు చేరింది. ఈ మందును 1962లో మూర్ఛ రోగం కోసం తయారు చేశారట. మూర్ఛకు అది పెద్దగా పనికిరాలేదు, బిగుసుకునే కండరాలకు పనికొచ్చింది. పనిచేయడం నిజమే కాని, మధ్యాహ్నం నాలుగో పీరియడ్‌లో ఛందస్సు చెబుతూ గణవిభజన మధ్యలో కళ్లు మూతలు పడుతుంటే పిల్లలు నవ్వుకునేవారు. మందు పెంచితే మత్తు, తగ్గిస్తే బిగుతు. బిగుతుకే వాడే టిజానిడిన్ అనే మరో మందు కలిపి చూశారు, నోరు ఎండిపోయింది, రక్తపోటు పడిపోయింది. "సార్, మందు పెంచే ముందు మీ కాళ్లను రోజూ ఎంతసేపు సాగదీస్తున్నారో చెప్పండి" అని ఫిజియో మేడమ్ అడిగిన రోజున నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ ఉదయం పది నిమిషాలు కాళ్లు వంచి చాచేది, అంతే. ఆమె నడుమూ ఇనుము కాదు కదా.

దుకాణదారు అడగని ప్రశ్న ఒకటి డాక్టరు అడిగారు: ఎముకలు ఎలా ఉన్నాయని. నిలబడని కాళ్ల ఎముకలు, ముఖ్యంగా దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండేళ్లలో, వేగంగా పలచబడతాయి. మోకాలి దగ్గర చిన్న దెబ్బకే విరిగే ప్రమాదం ఉంటుంది, విరిగినా నొప్పి తెలియదు కనుక వాపు చూసి కనిపెట్టాలి. ఎక్స్‌రే, ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష చేయించి, తుంటి, మోకాలు, చీలమండ పూర్తిగా చాచుకుంటున్నాయని చూసిన తర్వాతే నిలబడడానికి అనుమతించారు. నేను తిరిగిన మూడు దుకాణాల్లో ఒక్కరూ ఈ ఊసు ఎత్తలేదు. బరువెంత, ఎత్తెంత అని మాత్రం అడిగారు.

ఇక వస్తువు గురించి. పెట్టెలో రాలేదు, గోనెసంచులు చుట్టి టాటా ఏస్‌లో వచ్చింది. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టలేదు. ఇద్దరు కుర్రాళ్లు రెండో అంతస్తు వరకు మెట్ల మీద మోసుకొచ్చి పడకగది గుమ్మం దగ్గర ఆగిపోయారు, ఎందుకంటే గుమ్మం 30 అంగుళాలు, ఫ్రేము అడుగుభాగం 31. కాళ్లు విప్పి, లోపలికి తెచ్చి, మళ్లీ బిగించారు. కొనేముందు గుమ్మం కొలవండి అని నేను చెప్పే సలహా చిన్నదిగా కనబడవచ్చు, ఆ ఒక్క అంగుళానికి నేను ఇచ్చిన కూలీ 600 రూపాయలు.

చట్రం గట్టిది, ఊగదు. కింద బ్రేకులున్న నాలుగు చక్రాలు, పాదాలు పెట్టడానికి వెనుక అంచు ఉన్న రెండు పలకలు, మోకాళ్లకు ముందు రెక్సిన్ చుట్టిన రెండు మెత్తలు, ఛాతీకి ఒక మెత్త, దాని ముందు పుస్తకం పెట్టుకునేంత చెక్క బల్ల. చేతులు బాగున్న మనిషి ఎవరి సాయం లేకుండా లేవగలిగేలా పిడి కుడిచేతి పక్కనే ఉంది. చక్రాల కుర్చీని దగ్గరికి తెచ్చి, పాదాలు పలకల్లో పెట్టి, మోకాళ్లు మెత్తలకు ఆనించి, పిరుదుల కింది పట్టీ రెండు కొక్కేలకు తగిలించి పిడి కొట్టాలి. నాకు 26 కొట్లు పడుతుంది. దించేటప్పుడు చిన్న మీట తిప్పితే నూనె వెనక్కి జారి మెల్లగా కూర్చోబెడుతుంది. ఈ దిగడంలో కుదుపు లేకపోవడం ఫ్రేములో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం, ఎందుకంటే కుదుపు వస్తే చాలు కాళ్లు రెండూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుంటాయి.

మొదటిరోజు పూర్తిగా నిలబడలేదు. ఏళ్ల తరబడి కూర్చున్న ఒంట్లో రక్తం ఒక్కసారిగా కాళ్లలోకి దిగిపోయి కళ్లు తిరుగుతాయని ముందే చెప్పారు కనుక, కాళ్లకు క్రేప్ బ్యాండేజీ, పొట్టకు నడికట్టు చుట్టుకున్నాను. సగం లేచి ఐదు నిమిషాలు, ముప్పావు లేచి ఐదు నిమిషాలు, అప్పుడు కూర్చోవడం. హైడ్రాలిక్ ఫ్రేము ఏ ఎత్తులోనైనా ఆగుతుంది కనుక ఇది సాధ్యమైంది. తాళ్లతో, పట్టీలతో ఒక్కసారిగా నిలబెట్టే చవక చట్రాల్లో ఈ వెసులుబాటు ఉండదు. పూర్తి ఎత్తులో అరగంట నిలబడడానికి నాకు మూడు వారాలు పట్టింది. రక్తపోటు పడగొట్టే టిజానిడిన్ వేసుకునే రోజుల్లో అయితే అది సాధ్యమయ్యేదే కాదేమో, ఆ మందు మానిపించిన తర్వాతే ఫ్రేము మొదలుపెట్టించారు.

నిలబడేటప్పుడు జరిగే సంగతిని దగ్గరనుంచి చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి భయపడి చాలామంది మొదటి వారంలోనే ఫ్రేమును మూలకు నెడతారని నా అనుమానం. బరువు పాదాల మీద పడడం మొదలైన క్షణాన ఎడమ మడమ పలకను తాకకుండా ఒక వేలెడు పైకి లేచి ఉంటుంది. పిక్క కండరం సాగగానే మడమ కిందికీ పైకీ కొట్టుకోవడం ఆరంభిస్తుంది, సెకనుకు ఐదారు సార్లు, కుట్టుమిషను సూదిలాగా. ఇనుప పలక టకటకలాడుతుంది, బల్ల మీది గ్లాసులో నీళ్లు వణుకుతాయి, పక్కగదిలోంచి మా ఆవిడ "ఏమండీ, మొదలైందా?" అని అడుగుతుంది. దీన్ని క్లోనస్ అంటారు. ఆపాలని కాలిని చేత్తో పట్టుకుంటే, లేక తొందరపడి కిందికి దిగితే అది ఇంకా రేగుతుంది. కదలకుండా, మోకాలి మీద బరువు నిలిపి ఉంచితే ఒకటి రెండు నిమిషాల్లో టకటక నెమ్మదించి, ఒక్కొక్క దెబ్బగా విడిపోయి, చివరికి మడమ పలకకు ఆనుకుంటుంది. ఆ ఆనుకున్న తర్వాతి అరగంటే అసలు వైద్యం. చేత్తో ఎంత సాగదీసినా రాని సాగుడు, మనిషి బరువంతా పెట్టి, ఆపకుండా, పిక్కలకూ తొడల వెనుక కండరాలకూ తుంటి ముందు భాగానికీ ఒకేసారి అందుతుంది.

ఫలితం కొలవడానికి ఒక నోటుపుస్తకం పెట్టాను, ఉపాధ్యాయుడి అలవాటు. రాత్రి ఝట్కా వల్ల నిద్ర ఎన్నిసార్లు చెడిందో ఉదయాన్నే రాసుకునేవాణ్ణి. ఫ్రేము రాకముందు నెలలో రాత్రికి ఏడెనిమిది, ఆరు నెలల తర్వాత మూడు నాలుగు. ఫిజియో మేడమ్ కొలిచే పద్ధతి వేరు. కాలిని వేగంగా వంచి, ఎంత ఎదురుతిరుగుతుందో చూసి 0 నుంచి 4 వరకు అంకె ఇస్తారు, దాన్ని మాడిఫైడ్ యాష్‌వర్త్ స్కేలు అంటారు. నిలబడకముందు నా పిక్కకు 3, అరగంట నిలబడి దిగిన వెంటనే 2, మర్నాడు ఉదయం మళ్లీ 3. ఈ మూడు అంకెల్లోనే వస్తువు విలువా, దాని హద్దూ ఉన్నాయి. అది కాలిని మార్చదు, ఒక పూటకు సడలిస్తుంది. ఆ పూటలో స్నానం, బట్టలు మార్చడం, మంచం మీదికి మారడం సులువవుతాయి, రాత్రి నిద్ర మెరుగవుతుంది. మానేస్తే నాలుగు రోజుల్లో మొదటికి వస్తుంది. గత వేసవిలో పెళ్లికి వరంగల్ వెళ్లి వారం ఉండి వచ్చినప్పుడు ఈ సంగతి రుజువైంది. అయితే బాక్లోఫెన్‌ను డాక్టరు పర్యవేక్షణలో వారానికి కొంచెం చొప్పున తగ్గించి 10 మిల్లీగ్రాములు మూడు పూటలకు తేగలిగాము. ఛందస్సు పాఠం ఇప్పుడు మెలకువగానే చెబుతున్నాను.

మందు తగ్గించడమంటే మందు మానడం కాదని ఇక్కడ నొక్కి చెప్పకపోతే నేను తప్పు చేసినవాణ్ణవుతాను. ఫ్రేము కొన్నాం కదా అని బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా ఆపితే బిగుతు రెట్టింపై తిరిగి రావడమే కాక, భ్రమలు, ఫిట్స్, తీవ్రమైన జ్వరం వంటి ప్రమాదాలు ఉంటాయి. "దీన్ని కొన్నాక గోలీల పని లేదు" అన్న మాట కూడా ఆ దుకాణంలోనే విన్నాను. అలాంటి మాట అమ్మకపు కౌంటరు మీద అననే కూడదు.

కొనేవారు అడగడం మరచిపోయే ఇంకొక విషయం, అన్ని ఝట్కాలూ శత్రువులు కావని. నాకు కాళ్లు చాచుకుని బిగుసుకునే ఝట్కా, ముడుచుకునే ఝట్కా రెండూ ఉన్నాయి. చాచుకునేది ఫ్రేములో నాకు సాయమే చేస్తుంది, మోకాళ్లు వాటంతట అవే తాళం వేసుకున్నట్టు నిలుస్తాయి, పట్టీ మీద బరువు తగ్గుతుంది. కండలు పూర్తిగా కరిగిపోకుండా నిలిచి ఉండడానికి కూడా ఈ బిగుతు కొంత కారణమట. అందుకే మొత్తం బిగుతును చంపేయడం మా లక్ష్యం కాదని డాక్టరు మొదటే అన్నారు. ముడుచుకునే ఝట్కా మాత్రం ఫ్రేములో ప్రమాదకారి. నిలబడి ఉండగా అది వస్తే మోకాలు ముందుకు దూసుకొచ్చి మెత్తను బలంగా గుద్దుతుంది. ఆ గుద్దును తట్టుకునే మెత్త ఎలా ఉందన్నదే ఈ వస్తువులో అసలు పరీక్ష, అందులో ఈ ఫ్రేము తప్పింది.

మెత్తలో స్పాంజి ఒక అంగుళం మందం కూడా లేదు. ఐదో నెలకే అది అణగిపోయి, దాని వెనుక ఉన్న బోల్టు తల ఎడమ మోకాలి కింద ఎముకకు తగలడం మొదలైంది. నాకు నొప్పి తెలియదు. తెలిసిందల్లా ఎడమకాలు రాత్రిళ్లు మళ్లీ కొట్టుకుంటున్నదని. నాలుగు రోజులు వాతావరణాన్ని తిట్టుకుని, ఐదో రోజు అద్దం పెట్టి చూస్తే రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, మధ్యలో తోలు లేచి ఉంది. మూడు వారాలు ఫ్రేము ఎక్కలేదు. దుకాణానికి ఫోను చేస్తే "ఏడాది గ్యారంటీ జాకీకి ఉంది సార్, మెత్తకు లేదు" అన్నారు. ఫొటో పంపితే చూసినట్టు నీలిగీతలు పడ్డాయి, జవాబు రాలేదు. చివరికి మా వీధి చివర ఆటో సీట్లు కుట్టే అతను మూడంగుళాల గట్టి స్పాంజి వేసి, బోల్టు తలను లోపలికి గుంట చేసి బిగించి, పైన కుట్టులేని రెక్సిన్ చుట్టి 450 రూపాయలు తీసుకున్నాడు. 38,000 వస్తువులో చేయని పని 450కి అయింది. ఇలాంటి ఫ్రేము కొనేవారు మెత్త మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి, వెనుక ఇనుము తగిలితే అక్కడికక్కడే మార్పించుకోవాలి.

నిజాయితీ కోసం దీనికి ఎదురు సంఘటన కూడా రాయాలి. మూడో నెలలో, అంటే మెత్త పాడవకముందు, ఉన్నట్టుండి ఝట్కాలు విపరీతమయ్యాయి. రాత్రికి పదీ పన్నెండు, ఒకసారి కుర్చీలోంచి జారి కింద పడేంత. ఫ్రేము వల్లనే చెడిందని నిర్ణయించుకుని, నల్లకుంట నుంచి కోఠీ వరకు ఆటోలో వెళ్లి, దుకాణం ముందు కుర్చీలోనే కూర్చుని పదిమంది వినేలా మాట్లాడాను. రెండు రోజుల తర్వాత మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడింది. యాంటీబయాటిక్స్ వాడగానే వారంలో కాళ్లు మామూలు స్థితికి వచ్చాయి. ఆ ఒక్క విషయంలో ఆ దుకాణదారుకు నేను క్షమాపణ బాకీ. వెన్నుపాము దెబ్బతిన్న ఒంట్లో ఝట్కాలు హఠాత్తుగా పెరిగాయంటే కింద ఎక్కడో ఏదో ఇబ్బంది ఉందని కబురు: నిండిన మూత్రాశయం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, కాలిగోరు మాంసంలోకి దిగడం, బిగుతు బూటు. ఇవన్నీ వెతికి చూడకుండా మందునో యంత్రాన్నో నిందించకూడదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఫ్రేము ఎక్కే ముందు కాథెటర్ అనే సన్నటి గొట్టంతో మూత్రం తీసేసుకుని, కాళ్లను అద్దంలో చూసుకునే ఎక్కుతాను. దెబ్బ డి6 దగ్గర గాని అంతకు పైన గాని ఉన్నవారికి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. వారికి ఇలాంటి ఇబ్బందుల వల్లనే రక్తపోటు అమాంతం పెరిగి తలపోటు, చెమటలు పట్టే ప్రమాదం ఉంటుంది, అది అత్యవసర స్థితి.

ఫ్రేము ఒక్కటే సరిపోని ఎడమకాలికి వేరే ఏర్పాట్లు అవసరమయ్యాయి. ఎడమ మడమ మొండికేయడంతో పిక్క కండరానికి, దాన్ని కొన్నాళ్లు సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజక్షన్ వేయించాను. అది పనిచేయడానికి వారం పది రోజులు పట్టింది, ప్రభావం మూడు నెలలు ఉంది. ఆ మూడు నెలలను వృథా చేయకుండా రోజుకు రెండు పూటలా నిలబడమని ఫిజియో మేడమ్ పట్టుబట్టారు. వడ్రంగితో పాదం ముందుభాగం కింద పెట్టడానికి ఏటవాలు చెక్క చేయించాను, మడమ కన్నా వేళ్లు ఎత్తుగా ఉంటే పిక్క మరికొంత సాగుతుంది. ఇంజక్షన్ ప్రభావం పోయాక కూడా మడమ మునుపటంత లేవడం లేదు. ఫ్రేముకు ఉన్న విలువ ఇలాంటి జోడింపులోనే ఎక్కువగా కనబడిందని నా అభిప్రాయం. పొట్ట చర్మం కింద పంపు అమర్చి బాక్లోఫెన్‌ను సన్నటి గొట్టంతో నేరుగా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపే పద్ధతి గురించి కూడా డాక్టరు చెప్పారు. అమెరికాలో 1992లోనే దానికి అనుమతి వచ్చింది. మాత్రలో మిల్లీగ్రాముల్లో పడే మందు అక్కడ మైక్రోగ్రాముల్లో సరిపోతుంది కనుక మత్తు తక్కువ. కాని ఆపరేషను, కొన్ని నెలలకోసారి మందు నింపించుకోవడం, కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోతే పంపు మార్చడం ఉన్నాయి. నా బిగుతుకు ఇప్పుడే అంత అవసరం లేదని వాయిదా వేశాము.

హైదరాబాదు వాతావరణం సంగతి రెండు ముక్కల్లో. డిసెంబరు, జనవరి ఉదయాల్లో కాళ్లు కొయ్యల్లా ఉంటాయి, అప్పుడు ఫ్రేము ఎక్కడం కష్టం, గోరువెచ్చని నీళ్ల స్నానం తర్వాత ఎక్కాలి. మే నెలలో రెక్సిన్ మెత్తలు ఒంటికి అతుక్కుంటాయి. దెబ్బ తగిలిన చోటికి కింది ఒంట్లో చెమట సరిగా పట్టదు, పైన మాత్రం కారిపోతుంది, మెత్తల మీద నూలు తువ్వాలు పరచాలి, ముడత లేకుండా.

ధర విషయంలో ఈ ఫ్రేము ఎక్కువా తక్కువా అని అడిగితే, ఇదే పనిచేసే దిగుమతి ఫ్రేములకు నాకు లక్ష దాటిన ధరలు చెప్పారు, కనుక పోల్చి చూస్తే తక్కువే. కాని మొదట నెల రెండు నెలలు అద్దెకు తీసుకుని చూడడం మంచిది, లేదా ఫిజియోథెరపీ విభాగంలో, పడుకోబెట్టి పట్టీలు కట్టి మెల్లగా నిలువుగా లేపే టిల్ట్ టేబుల్ మీద పది పదిహేను సార్లు నిలబడి, ఒంటికి పడుతుందో లేదో తేలిన తర్వాత కొనాలి. రోజూ అరగంట తీరిక లేని ఇంటికి ఇది బట్టలారేసుకునే దండెంగా మారుతుంది, నేను అలాంటి దండెం ఒకటి మా బంధువుల ఇంట్లో చూశాను. చేతుల్లో బలం లేనివారికి ఈ నమూనా పనికిరాదు, వేరే మనిషి పిడి కొట్టాలి, అప్పుడు విద్యుత్తుతో లేచేదే మేలు. ఆరడుగులకు మించిన ఎత్తరికి ఛాతీ మెత్త అందదు. ఐదుకు మార్కులు వేయమంటే జాకీకి, చట్రానికి నాలుగున్నర, మెత్తలకు ఒకటి, అమ్మినవారి మాటలకు సున్నా వేస్తాను.

నిలబడ్డ మొదటి వారంలో నాకు కనిపించిన తొలి దృశ్యం మా ఫ్రిజ్ పైభాగం. నాలుగున్నరేళ్ల దుమ్ము, ఒక పాత కరెంటు బిల్లు, నేను పోయిందనుకున్న కళ్లజోడు. ఈ సంక్రాంతికి ఫ్రేమును కిటికీ దగ్గరికి జరిపించి, అరగంటకు బదులు 50 నిమిషాలు నిలబడి ఎదురింటి పిల్లల పతంగులు చూశాను. దిగిన తర్వాత యాష్‌వర్త్ అంకె 2 వచ్చిందో 1 వచ్చిందో కొలవడానికి మేడమ్ లేరు, ఆ రోజు సెలవులో ఉన్నారు. ఆ రాత్రి నిద్ర ఎన్నిసార్లు చెడిందంటే నోటుపుస్తకంలో మాత్రం రెండు అని రాసి ఉంది. కుడివైపు మెత్త ఇప్పుడు అణుగుతున్నది, ఈ ఆదివారం దాన్ని విప్పి ఆటో సీట్ల అతని దగ్గరికి పంపాలి.